గర్భాశయ ముఖమునకు నొప్పి తెలియదా?

"గర్భాశయ ముఖమున నొప్పిని తెలుపు నరములు లేవు." ఈ వాక్యము వైద్య విద్యాలయములలోను, ఆసుపత్రి గదులలోను తరతరములుగా వినవచ్చుచున్నది. పైకి ఇది శరీర నిర్మాణ శాస్త్రమునకు చెందిన ఒక చిన్న విషయమువలె తోచును. కాని దీనిని ఆధారముగ జేసికొని, తిమ్మిరి మందేమియు ఈయకుండ, అసంఖ్యాకులైన స్త్రీల శరీరము నుండి పరీక్షకై కండ తునకలు తీయబడినవి. చీమ కుట్టినంత మాత్రమే యుండునని వారికి ముందుగా చెప్పుట పరిపాటి. బల్లపై పరుండిన స్త్రీ కేక వేసినచో, లోపము ఆమె ధైర్యమున నున్నదనుకొనిరే గాని ఆ వాక్యమున నున్నదని అనుకొనలేదు.

శాస్త్రమున ప్రతి మాటకు ఒక పుట్టినిల్లు ఉండును. ఎవరు, ఏ పనిముట్టుతో, దేనిని కొలిచి ఆ మాట అన్నారో తెలిసికొనిన గాని దాని విలువ తేలదు. ఈ మాటకు అట్టి విచారణ ఇంకను అవసరముగనే యున్నది.

గర్భాశయము తలక్రిందుగ పట్టుకొన్న బేరికాయను పోలియుండును. క్రింది సన్నని భాగమే గర్భాశయ ముఖము. మెడవలె నుండుటచే దీనిని గ్రీవమనియు అందురు. పొడవు సుమారు 3 సెంటీమీటర్లు. దాని నడుమ సన్నని కాలువ ఒకటి గర్భసంచిలోనికి పోవుచున్నది. హెచ్.పి.వి. అను వైరస్ ఇచ్చట చేరి ఏండ్ల తరబడి తొలగకుండ నిలిచినచో కణముల రూపము మారి, కొందరిలో తుదకు క్యాన్సర్ పుట్టును. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా ప్రకారము 2022లో భారతదేశమున సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ వ్యాధి క్రొత్తగా సోకినది. సుమారు 80,000 మంది మరణించిరి. అదృష్టవశమున కణములు మారుటకును క్యాన్సర్ పుట్టుటకును నడుమ సాధారణముగ పది యేండ్లకు పైగా వ్యవధి యుండును. ఆ వ్యవధిలో మార్పును కనిపెట్టినచో ప్రాణము నిలుచును.

ఆ కనిపెట్టుటకు ఉపకరించు సాధనమే కాల్పోస్కోపు. 1925లో జర్మనీలో హాన్స్ హిన్సెల్‌మన్ అను వైద్యుడు దీనిని వాడుకలోనికి తెచ్చెను. ఇది శరీరములోనికి పోవు గొట్టమని పలువురు భయపడుదురు. అది నిజము కాదు. రెండు కన్నులతో చూచు సూక్ష్మదర్శిని వంటి ఈ పరికరము శరీరమునకు బయటనే నిలిచియుండును. లోనికి పోవునది మార్గమును తెరచి పట్టు స్పెక్యులమ్ మాత్రమే. తరువాత 3 నుండి 5 శాతము గల ఎసిటిక్ ఆమ్లముతో గర్భాశయ ముఖమును తడుపుదురు. వంటింటి వినిగర్‌లో నుండు ఆమ్లమే ఇది. మార్పు చెందిన కణములున్న చోటు తెల్లబారును. అయొడిన్ పూసినచో దీనికి విపరీతము: గ్లైకోజెన్ నిలువగల ఆరోగ్యకణములు ముదురు గోధుమరంగు దాల్చును, మారిన కణములు రంగు పట్టవు. అనుమానము కలిగిన తావు నుండి చిన్న పట్టుకారుతో కొద్ది మిల్లీమీటర్ల తునకను కత్తిరించి తీయుదురు. అదియే బయాప్సీ. అవసరమైనచో లోపలి కాలువను గూడ సన్నని పనిముట్టుతో గోకి కణములను సేకరింతురు.

చూచునంతవరకు బాధ సాధారణముగ స్వల్పము. ఆమ్లము తగిలినపుడు కొంత మంట పుట్టవచ్చును. తునక తీయునపుడు, కాలువ గోకునపుడు కథ వేరు. కొందరు గిల్లినట్లుండెనందురు. కొందరు పొత్తికడుపు మెలిపెట్టిన నొప్పితో బల్లను పట్టుకొందురు. ఈ రెండవ తెగవారిని నమ్ముటకు అడ్డు వచ్చినది పై వాక్యమే.

ఆ వాక్యమునకు అంకెల బలము చేకూర్చినది 1953లో అమెరికాలో వెలువడిన కిన్సే గ్రంథము. ఇండియానా విశ్వవిద్యాలయములో ఆల్ఫ్రెడ్ కిన్సే జంతుశాస్త్రాచార్యుడు. చెట్ల ఆకులపై బుడిపెలు పుట్టించు చిన్న కందిరీగలను వేలకొలది సేకరించి కొలిచి పేరు గాంచినవాడు. ఆ కొలత బుద్ధితోనే తరువాత మానవుల దాంపత్య ప్రవర్తనను పరిశోధించెను. స్త్రీలను గూర్చిన సంపుటమున ఒక పట్టిక కలదు. అయిదుగురు స్త్రీవైద్య నిపుణులు సుమారు తొమ్మిది వందల మందిని పరీక్షించి, గాజు, లోహము, లేక దూది చుట్టిన సన్నని కడ్డీతో మెల్లగ నిమిరినపుడు ఏ భాగమున స్పర్శ తెలియుచున్నదో నమోదు చేసిరి. గర్భాశయ ముఖమును నిమిరినపుడు తెలిసినదని చెప్పినవారు నూటికి అయిదుగురే. ఆ ఉపరితలమును మందు లేకుండ కోసినను కాల్చినను బాధపడని రోగులు కలరన్న వైద్యుల అనుభవమును గూడ గ్రంథకర్తలు తోడు తెచ్చుకొనిరి.

ఈ పట్టికను చూపి "నొప్పి లేదు" అనువారు దానిని సగమే చదివిరి. అదే పట్టికలో ప్రక్క వరుస ఒకటి కలదు. కడ్డీ కంటె పెద్ద వస్తువుతో అదిమినపుడు ఏమి తెలిసినదన్నది ఆ వరుస. గర్భాశయ ముఖమును అదిమినపుడు తెలిసినదన్నవారు నూటికి ఎనభై మందికి పైగా ఉండిరి! ఒకే అవయవము, ఒకే స్త్రీలు, ఒకే పుట. నిమిరినచో అయిదుగురు, అదిమినచో ఎనభై మందికి పైగా. ఇందు నరములు లేవన్న అర్థము ఎచ్చటను లేదు. పరీక్ష దూదితో జరిగినది, తీర్పు పట్టుకారును గూర్చి చెప్పబడినది.

కిన్సే పైననే తప్పంతయు మోపుట న్యాయము కాదు. ఆయన ప్రధాన ప్రశ్న దాంపత్యమునకు సంబంధించిన స్పర్శానుభూతిని గూర్చినది గాని బయాప్సీని గూర్చినది కాదు. ఒక ప్రశ్నకు వచ్చిన సమాధానమును ఇంకొక ప్రశ్నకు అతికించుటయే ఇచ్చటి దోషము. ఇట్టి దోషమునకు దూరదేశముల దాక పోనక్కరలేదు. 1888, 1889 సంవత్సరములలో హైదరాబాదు వైద్య పాఠశాల అధిపతి ఎడ్వర్డ్ లారీ నిజాము ప్రభుత్వ పోషణతో క్లోరోఫారమ్ కమిషన్లు నడిపెను. వందలకొలది జంతువులపై ప్రయోగములు జరిపి, క్లోరోఫారమ్ గుండెను నేరుగ ఆపదనియు, శ్వాసను గమనించిన చాలుననియు తేల్చిరి. ప్రయోగములు శ్రద్ధతో జరిగినవే. కాని మత్తు తేలికగ నున్న వేళ గుండె లయ తప్పి అకస్మాత్తుగ ఆగిపోవచ్చునని 1911లో లెవీ అను శాస్త్రజ్ఞుడు పిల్లులపై ప్రయోగించి చూపెను. కమిషన్ వారు గాఢమైన మత్తును గూర్చి అడిగిన ప్రశ్నకు వచ్చిన సమాధానము అన్ని దశలకు చెల్లునని భావింపబడినది.

మరి శరీరధర్మ శాస్త్రము ఏమి చెప్పుచున్నది? చర్మపు నొప్పి ఒక తీరు, లోపలి అవయవముల నొప్పి వేరొక తీరు. వ్రేలిపై సూది గ్రుచ్చినచో ఆ చోటు కన్ను మూసికొనియు చూపవచ్చును. ప్రేగు సంగతి అట్లు కాదు. స్వీడన్ దేశపు శస్త్రవైద్యుడు లెన్నాండర్ ఇరువదవ శతాబ్దారంభమున, పొట్ట గోడకు మాత్రమే మందిచ్చి మేలుకొనియున్న రోగులలో ప్రేగును కోసినను కాల్చినను వారికి తెలియకుండుటను గమనించెను. అంతమాత్రమున కడుపునొప్పి కల్ల అని ఎవరైన అందురా? వాయువు చేరి ప్రేగు ఉబ్బినచో మనిషి మెలికలు తిరిగిపోవును. లోపలి అవయవములకు కోత కంటె సాగుట, లాగబడుట, బిగిసికొనుట, వాపు బాధాకరములు. ఆ నొప్పి చోటు తెలియకుండ నడుమునకు, తొడలకు ప్రాకును.

గర్భాశయ ముఖము ఈ కోవలోనిదే. దాని ఇరుప్రక్కల నాడీజాలము కలదు. అచ్చటి నుండి కొన్ని తంతువులు వెన్నుపాము క్రింది భాగమునకు, గర్భాశయమునకు చెందిన మరికొన్ని అంతకు పైభాగమునకు చేరుచున్నవి. ప్రసవపు తొలి దశలో నొప్పులకు ముఖ్యకారణము గర్భాశయము ముడుచుకొనుచుండగా ఈ ముఖము 10 సెంటీమీటర్ల వరకు సాగి తెరచుకొనుటయే. పురుడు పోసిన మంత్రసానికి తెలిసిన ఈ సంగతి ముందు "నరములు లేవు" అన్న వాక్యము ఒక్క క్షణమైన నిలువదు. ఇంకొక నిదర్శనము వైద్యుల చేతిలోనే కలదు. గర్భాశయ ముఖమునకు ఇరుప్రక్కల తిమ్మిరి మందు సూది వేయు పద్ధతి చిరకాలముగ వాడుకలో నున్నది. నరములే లేనిచో ఆ సూది దేనిని తిమ్మిరెక్కించుచున్నది? మూడవది, ఈ అవయవమును పట్టి లాగినపుడు కొందరికి నాడి మందగించి, రక్తపు పోటు పడిపోయి, సొమ్మసిలుట జరుగును. వార్త మోయు నాడి లేక అట్టి ప్రతిక్రియ పుట్టదు.

నొప్పిని కొలుచుట ఎవరి పని అన్నది వేరొక చిక్కు. 2014లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశీలనలో, గర్భాశయమున గర్భనిరోధక సాధనమును అమర్చు వేళ కలిగిన అత్యధిక బాధను 100 గుర్తుల కొలబద్దపై ఉభయులను వేర్వేరుగ చూపుమనిరి. స్త్రీలు చూపినది సగటున సుమారు 65. అమర్చినవారు ఊహించినది సుమారు 35. ఒకే గదిలో, ఒకే నిమిషమున జరిగిన ఒకే సంఘటనకు ఇంత యెడము! ఉష్ణమును చూచుటకు థర్మామీటరు కలదు గాని నొప్పికి అట్టి పరికరము లేదు. అనుభవించువారి మాటయే కొలత. దానిని త్రోసిపుచ్చి ప్రక్కవాని ఊహను గ్రహించుట, థర్మామీటరును జేబులో నుంచుకొని చేతితో నుదురు తాకి జ్వరమును వ్రాసికొనుట వంటిది.

ఈ పరికరపు చరిత్రలోనే స్త్రీ మాటకు ఏమాత్రము విలువ లేని చీకటి అధ్యాయము ఒకటి కలదు. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఔష్విట్జ్ నిర్బంధ శిబిరపు ప్రధాన వైద్యుడు ఎడ్వర్డ్ వర్ట్స్ అచ్చటి యూదు స్త్రీలపై కాల్పోస్కోపు పరీక్షలు సాగించెను. తీసిన తునకలు హిన్సెల్‌మన్ యొద్దకు పోయినవి. రోమా స్త్రీలకు బలవంతముగ సంతాన నిరోధక శస్త్రచికిత్సలు చేసిన నేరమునకు హిన్సెల్‌మన్ యుద్ధానంతరము, 1946లో, శిక్షింపబడెను. కాల్పోస్కోపు మేలు దీనిచే అబద్ధమైపోదు. కాని దీనిని మరచి ఆ పరికరపు కథను చెప్పువారు సగము కథ చెప్పినట్లే.

ఇక నివారణ మాట. ఒక గంట ముందు నొప్పి మాత్ర వేసికొని రమ్మని చెప్పుట చాల చోట్ల ఆచారము. తరువాత వచ్చు పొత్తికడుపు నొప్పికి అది కొంత ఉపకరింపవచ్చును గాని, తునక తీయు క్షణమున బాధను తగ్గించునని ప్రయోగములలో రుజువు కాలేదు. మారిన కణములను తొలగించు చికిత్సలో, రక్తనాళములను ముడుచునట్టి ఔషధముతో కలిపి తిమ్మిరి మందును సూది వేసినచో నొప్పియు రక్తస్రావమును తగ్గునని అనేక ప్రయోగములను కలిపి చూచిన సమీక్షలు చెప్పుచున్నవి. అన్నిటి కంటె వింత ఐనది దగ్గు. పట్టుకారు మూయు క్షణముననే గట్టిగ దగ్గుమని చెప్పినచో బయాప్సీ బాధ ఇంచుమించు సూది మందు ఇచ్చినంత మాత్రమే యుండెనని కొన్ని పోలిక ప్రయోగములలో కనబడినది. సూది గ్రుచ్చుటయే ఒక నొప్పి గనుక ఈ లెక్క అంత ఆశ్చర్యకరము కాదు. అందుచే అందరికి ఒకే పద్ధతి అనుట కూడ తగదు.

భారతదేశమున ఈ చర్చ విలాసమని ఒక ఆక్షేపణ రావచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 30 నుండి 49 ఏండ్ల స్త్రీలలో ఈ క్యాన్సర్‌కై ఎన్నడైన పరీక్ష చేయించుకొన్నవారు నూటికి ఇద్దరు కూడ లేరు. పరీక్షయే అందని చోట నొప్పిని గూర్చి మాటలా అని అడుగుదురు. ఆక్షేపణలో కొంత బలము లేకపోలేదు. ఒక నర్సు, ఒక బల్ల, వరుసలో నలువది మంది యున్న శిబిరమున ప్రతివారికి సూది మందు సాధ్యము కాకపోవచ్చును. కాని బావి కడ, పొలము గట్టున ఒక స్త్రీ ఇంకొక స్త్రీకి చెప్పు మాటకున్న బలము గోడపత్రికకు లేదు. మొదట వెళ్లిన ఆమె "ఏమియు కాదని చెప్పి ప్రాణము తోడివేసిరి" అన్నచో తరువాతి పదిమంది వెళ్లుదురా? నొప్పి భయము పరీక్షకు రాకుండ చేయు కారణములలో ఒకటియని పలు దేశముల పరిశీలనలు చెప్పుచున్నవి. పైగా నిజము ముందుగ చెప్పుటకు, ఆపుమన్నపుడు ఆపుటకు, దగ్గుమనుటకు మందుల కొట్టుతో పని లేదు.

ఈ మధ్య కొంత కదలిక కనబడుచున్నది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, హెచ్.పి.వి. పరీక్షకు కావలసిన నమూనాను స్త్రీ తనంతట తానే తీసికొను పద్ధతిని సిఫారసు చేసినది. దీనిచే వైరస్ లేనివారికి బల్ల ఎక్కు అవసరమే ఉండదు; ఉన్నవారికే తదుపరి పరీక్షలు. 2025 మే నెలలో అమెరికా ప్రసూతి, స్త్రీవైద్య నిపుణుల కళాశాల, గర్భాశయముపైన, గర్భాశయ ముఖముపైన జరుగు ఇట్టి పనులన్నిటికి ముందుగ నొప్పి నివారణ మార్గములను రోగితో చర్చించి ఈయజూపవలెనని తన వైద్యులకు సూచించినది. కిన్సే పట్టిక వెలువడి అప్పటికి 72 ఏండ్లు. అన్ని పద్ధతులకు ప్రయోగముల బలము సమానముగ లేదనియు ఆ సూచనలలోనే ఒప్పుకొనబడినది.