పటిక పట్టిన నీలం

ఫోన్ కెమెరాను మైక్రోస్కోప్ ఐపీస్‌కి ఆనించగానే బొమ్మ వచ్చేయదు. ముందు తెరంతా చీకటి. కొంచెం వెనక్కి జరిపితే ఒక పక్క తదియనాటి చంద్రుడిలా సన్నని వెలుగు. చెయ్యి ఇంకో వెంట్రుకవాసి కదిలితే ఆ నెలవంక నిండి పున్నమవుతుంది. అందులో కణాలు తేలతాయి.

ఆ పున్నమిని నేను మొదటిసారి చూసింది సైనిక్‌పురిలో, మా పిన్ని ఇంటి వరండాలో, ఆవిడ టాబ్లెట్ మీద. పిన్ని పాథాలజిస్టు, రిటైరై చాలా ఏళ్లయింది. జిల్లాల్లో పనిచేసే ఆవిడ శిష్యులకు ఏదైనా స్లైడు మీద అనుమానం వస్తే ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు. పేరుండదు. వయసు, నమూనా ఎక్కణ్ణుంచి తీశారన్నది, అంతే.

ఆ రోజు వచ్చింది గర్భాశయ ముఖద్వారం నుంచి తీసిన పాప్ స్మియర్. లేత గులాబీ రంగులో పలకలు పలకలుగా పైపొర కణాలు, ఒక్కోదాని నడుమ ఆవగింజలా నల్లటి కేంద్రకం. వాటిని ఆనుకుని నీలమూ ఆకుపచ్చా కలిసిన పల్చటి కణాలు, అంచులు పట్టుబట్ట మడిచినట్టున్నాయి. ఎడమవైపు ఒక కణం మాత్రం వేరుగా ఉంది. దాని కేంద్రకం ఎండుద్రాక్షలా ముడుచుకుంది. చుట్టూ ఎవరో గోటితో గీకేసినట్టు ఖాళీ, ఆ ఖాళీకి గట్టి గీత గీసినట్టు అంచు. హెచ్‌పీవీ వైరస్ సోకిన గుర్తది. క్యాన్సర్ కాదు, కానీ పట్టించుకోకుండా వదిలేయకూడని కబురు.

"ఎంత అందంగా ఉంది పిన్నీ" అనేసి నాలుక కరుచుకున్నాను. ఎక్కడో ఒకావిడ ఈ ఫలితం కోసం కూర్చుని ఉంటుంది కదా.

"అందంగా ఉండాలి నాన్నా. రంగు సరిగ్గా పట్టకపోతే నాకేం కనబడుతుంది?" అంది పిన్ని.

ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. కేంద్రకానికి ఆ నీలాన్నిచ్చే హెమటాక్సిలిన్ మెక్సికో ప్రాంతపు ఒక చెట్టు చేవ నుంచి తీసే రంగు. అది తనంతట తాను కేంద్రకాన్ని పట్టుకోలేదు, పటిక చెయ్యి అందించాలి. మన కలంకారీదీ ఇదే విద్య. గుడ్డను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి, పటిక రాసిన చోటనే ఎరుపు నిలిచేట్టు కాచుతారు. పెడనలో బట్ట మీద పువ్వును నిలబెట్టే పటికే ఇక్కడ కణం గుండెను నిలబెడుతోంది. ఈ బంధుత్వం తెలిశాక స్లైడును ఉట్టి గాజుపలకలా చూడలేకపోతున్నాను.

పాప్ స్మియర్‌కి వాడే ఈ రంగుల కూర్పు గ్రీసులో పుట్టి అమెరికా చేరిన జార్జ్ పాపనికొలావ్‌ది. ఆయన భార్య మేరీ పరిశోధన కోసం ఏళ్ల తరబడి తన నమూనాలే ఇచ్చింది. 1943లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి ఆయన వెలువరించిన పుస్తకానికి కణాల బొమ్మలు వేసింది హషిమే మురయామా అనే జపాన్ చిత్రకారుడు. అంతకుముందు నేషనల్ జియోగ్రఫిక్‌కి చేపల బొమ్మలు వేసిన చెయ్యి అది! చేప పొలుసు మీద వెలుగు ఎలా జారుతుందో తెలిసినవాడు కనకే కణం పల్చదనాన్ని పట్టగలిగాడు. మా సికింద్రాబాదులోనే 1897లో రొనాల్డ్ రాస్, దోమ కడుపులో తాను చూసిన మలేరియా జాడను నోటుపుస్తకంలో గీసుకున్నాడు. చూసినదాన్ని ఇంకో కంటికి చేర్చాలన్న తపనే అప్పుడు పెన్సిలు పట్టింది, ఇప్పుడు ఫోన్ పట్టింది.

అయితే ఫోన్‌కి తనదైన పొగరుంది. అడక్కుండానే రంగులు సవరిస్తుంది, అంచులు పదునుపెడుతుంది. లేత నీలాన్ని ముదురు చేస్తే మామూలు కేంద్రకం కూడా దోషిలా కనిపిస్తుంది. అసలు పూతలోనే తప్పుంటే ఏ కెమెరా కాపాడలేదు. తడి ఆరకముందే స్లైడును 95 శాతం ఆల్కహాల్‌లో ముంచాలి. ఆలస్యమైతే కణం ఉబ్బి, కేంద్రకంలోని గీతలు అలుక్కుపోతాయి. బొమ్మ ఘనత సగం ఆ ముంచిన చేతిదే.

కంటితో పని లేకుండా చేద్దామన్న ప్రయత్నాలూ ఉన్నాయి. 2015లో అమెరికాలో మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రి పరిశోధకులు కణాలకు సూక్ష్మమైన పూసలు తగిలించి, వాటి మీద పడి చెదిరిన వెలుగును ఫోన్‌తో పట్టి, కంప్యూటరుతో చదివించారు. గొప్ప పనే. నా మనసు మాత్రం రంగుల దగ్గరే ఆగిపోయింది.

మొన్న సాయంత్రం ఇంకో కబురు వచ్చింది. ఈసారి వీడియో, థైరాయిడ్ గడ్డలోంచి సన్నని సూదితో లాగిన కణాలు. పంపిన అమ్మాయి ఒక చేత్తో ఫోన్ పట్టుకుని, రెండో చేత్తో ఫోకస్ మర తిప్పుతోంది. నీళ్లలో పైకి వచ్చి మునిగే చేపపిల్లల్లా, ఒక వరుస కణాలు తేటపడి మసకబారేసరికి వాటి కింది వరుస తేటపడుతోంది. ఫొటోలో అన్నీ ఒకే పలక మీదున్నట్టుంటాయి, ఇక్కడ లోతుంది. పిన్ని కళ్లద్దాలు పైకి నెట్టి, ఒకచోట ఆపి, రెండు వేళ్లతో పెద్దది చేసింది. కోలగా ఉన్న ఒక కేంద్రకం, దాని నిడివంతా కాఫీ గింజ మీదున్నట్టు ఒక గాడి. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్ తీసుకుని నంబరు నొక్కింది.

"అమ్మా, చాలా బాగా తీశావు. ఆ కుడి మూలనున్న గుంపు మీద ఇంకొక్కసారి, నెమ్మదిగా తిప్పి పంపు. అక్కడే ఉంది."