మంచు కింద బెరడు

మంచు కురిసిన ఉదయం క్యోటోలో కియోమిజు ఆలయం మెట్లెక్కుతుంటే మన అడుగుల చప్పుడు మనకే వినపడదు. అందరి కళ్లూ తెల్లబడ్డ కప్పు మీదే ఉంటాయి. నా మనసు మాత్రం ఆ మంచును మోసే బెరడు దగ్గర ఆగిపోతుంది.

అది హినోకి చెట్టు బెరడు. 70 ఏళ్లు దాటిన చెట్టును కొట్టకుండా, పైపొర మాత్రమే ఒలుస్తారు. దాదాపు 10 ఏళ్లకు మళ్లీ పెరుగుతుంది. కప్పు వేసే పనివాడు వెదురు మేకులు నోట్లో పోసుకుని, నాలుకతో ఒక్కొక్కటే పెదాల మీదికి తెచ్చి సుత్తితో దిగ్గొడతాడు. ఒక్కో పొరనూ కింది పొరకన్నా సెంటీమీటరు పైచిలుకు జరిపి పరుస్తాడు. 2020లో ఈ విద్యకు యునెస్కో గుర్తింపు దక్కింది.

చూరు నుంచి మంచు చుక్కచుక్కగా జారుతుంటే, లోపలి కన్నోన్ బోధిసత్వుడి విగ్రహం మీద తడి పడనివ్వని ఆ చేతులకే ముందు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.