యూనిఫారం ఎవరి రోగానికి మందు?

ఆగస్టు చివరలో మన ఐసెలిన్‌లో నలుగురు తెలుగువాళ్ళు భోజనాలకు కలిస్తే వచ్చే మాట ఒకటే. బడులు తెరవబోతున్నారు, పిల్లలు ఫలానా బూట్లే కావాలని పేచీ పెడుతున్నారు. వెంటనే ఎవరో ఒకరు నిట్టూరుస్తారు: "మన చిన్నప్పుడే హాయి. అందరికీ ఒకటే యూనిఫారం. ఉన్నవాడూ లేనివాడూ సమానం." అందరూ తలలూపుతారు. యీ తలలూపుడు గురించే మేము రెండు మాటలు చెప్పదలచుకున్నాము.

నిజంగా సమానమేనా? మా బడిలో బుధవారం, శనివారం తెల్లబట్టలు. కాన్వాసు బూట్లకు సుద్దముక్క రుద్దుకుని పోయేవాళ్ళము. రెండు జతలున్నవాడి చొక్కా ఇస్త్రీ మడతతో వచ్చేది. ఒక్క జత ఉన్నవాడిది రాత్రి ఉతికితే, వానాకాలంలో తడి ఆరకుండానే ఒంటిమీదికి ఎక్కేది. అన్న చొక్కా తమ్ముడికి వచ్చేసరికి రంగు వెలిసేది. బట్ట ఒకటే అయినా, ఎవరి ఇల్లు ఎటువంటిదో ఆ బట్టే చెప్పేది. యూనిఫారం లేనివాళ్ళను ప్రార్థన దగ్గర పక్కకు నిలబెట్టేవారు. అలా నిలబడినవారిలో కలిగినవారి బిడ్డను చూసిన జ్ఞాపకం మాకు లేదు. మేము వరుసలో ఉన్నాము గనుకనే మాకు ఆ రోజులు హాయిగా తోస్తున్నవేమో!

మేము వైద్యులము గనుక, మందు అనగానే ఏ రోగానికి, గుణం కనిపించిందా అని అడగటం అలవాటు. కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ 1994లో ఎనిమిదో తరగతి వరకు యూనిఫారం పెట్టింది. అల్లర్లు తగ్గాయన్నారు. 1996లో అధ్యక్షుడు క్లింటన్ కాంగ్రెసు ముందు ప్రసంగంలోనే యూనిఫారాలను సమర్థించారు. అయితే ఆ బడులలో అదే సమయంలో ఇతర మార్పులు కూడా జరిగాయి. విభూది పెట్టి, మాత్ర కూడా వేసి, జ్వరం తగ్గితే దేనికి దండం పెట్టాలి? 1998లో బ్రన్స్మా, రాకెమోర్ అనే పరిశోధకులు పదో తరగతి పిల్లల వివరాలు పరిశీలించి, హాజరులో గాని నడవడిలో గాని యూనిఫారం వల్ల మేలు కనిపించలేదన్నారు. 2022లో వెలువడిన ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వారి పరిశీలనలో సుమారు 6,000 మంది చిన్నపిల్లలున్నారు. అక్కడా నడవడిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. పేద పిల్లల హాజరు మాత్రం కొంచెం మెరుగు, అదీ ఏడాదికి ఒక రోజు కన్న తక్కువే.

యూనిఫారం పనికిరానిదని మేము అనటం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 నుంచి ప్రభుత్వ బడి పిల్లలకు మూడు జతల బట్ట, బూట్లు, బెల్టు, సంచి ఉచితంగా ఇవ్వటం మొదలైంది. మూడు జతలు అన్నదే ముఖ్యం. తడి చొక్కాకు అదీ మందు! బట్ట ఇవ్వటం వేరు, బట్ట లేదని బయట నిలబెట్టటం వేరు. 2022లో కర్ణాటకలో తలమీది గుడ్డ కారణంగా ఆడపిల్లలు తరగతి బయట నిలబడ్డారు. ఆ యేడు అక్టోబరులో సుప్రీం కోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరొక తీర్పు చెప్పారు. అది పరాయివాళ్ళ గొడవ అనుకోకండి. అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టలతో వచ్చిన మన పిల్లవాడి సంగతీ అంతే. చదువు కోసం బట్ట గాని, బట్ట కోసం చదువు కాదు.

యీ విషయంలో న్యూ జెర్సీ చట్టం మన పాత బడుల కన్న తెలివైనది. ప్రిన్సిపాలు, ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు కోరితేనే ఒక బడికి యూనిఫారం పెట్టవచ్చు. బోర్డు అందరినీ పిలిచి వినాలి. మూడు నెలల ముందుగా చెప్పాలి. పేదపిల్లలకు సాయం చేసే ఏర్పాటు తప్పక ఉండాలి. కావాలనుకున్నవారు వుడ్‌బ్రిడ్జి బోర్డు సమావేశానికి వెళ్ళి అడగవచ్చును. విందులో నిట్టూర్చటం కన్న అది మేలు.

కాని అడిగే ముందు మనల్ని మనం ఒకసారి పరీక్ష చేసుకోవాలి. పోయిన ఉగాదికి కట్టిన చీర యీ ఉగాదికి కట్టరాదని ఎవరు శాసించారు? ఓక్ ట్రీ రోడ్డు నగల కొట్లలో మనం పోల్చుకునే బరువులు, సభ బయట చూసుకునే కార్ల పేర్లు పిల్లలు వినటం లేదా? పిల్లవాడు బూట్ల పేరు అడిగితే మనకు కోపం. మనకున్న రోగమే వాడికి అంటింది, మందు మాత్రం వాడికే వేస్తామంటున్నాము.

రాబోయే దీపావళి సభకు పాత పట్టుచీరలు, పాత చొక్కాలతోనే వద్దామా? అది కష్టమనిపించినవారు పిల్లలకు యూనిఫారం గురించి ఉపన్యాసం చెప్పే ముందు ఆ కష్టాన్ని ఒక్కసారి తలుచుకుంటే చాలును.