గంట మోగినా గణం తప్పదు

కళ్ళాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరుతూ ఉంటాయి. గుంటూరు యార్డు రోడ్డున వెళితే తుమ్ములు ఆగవు. సరిగ్గా ఆ రోజుల్లోనే ఉగాది వస్తుంది. దానితోపాటు ఏ నరసరావుపేటలోనో, ఒంగోలులోనో ఒక అవధాన సభ ఉంటుంది.

ఈసారి అలాంటి సభకు వెళితే ముందు వరసలో కూర్చోండి. మొదటి పది నిమిషాలు అవధాని పద్యాన్ని కాకుండా ఆయన చేతుల్ని గమనించండి. కండువా అంచు సర్దుకుంటాడు, నీళ్ళ గ్లాసు ముట్టుకుని తాగకుండానే వదిలేస్తాడు. వందల సభలు చేసినవారికీ ఈ గాభరా తప్పదు. ఎదురుగా ప్రశ్నలు అడిగే ఎనిమిదిమంది పృచ్ఛకులు. చేతిలో కాగితం లేదు, కలం లేదు. తడబడితే దాచుకోవడానికి తెర కూడా లేదు.

రెండు గంటల తర్వాత అదే మనిషి, అందరూ అడిగిన పద్యాలన్నిటినీ వరసగా, తడుముకోకుండా ఒప్పజెప్పి లేస్తాడు. మధ్యలో ఆ భయం ఏమైంది?

అవధానం గురించి మాట్లాడితే మనం జ్ఞాపకశక్తిని పొగుడుతాం, సరస్వతీ కటాక్షం అంటాం. నాకు మాత్రం అందులో మరో విద్య కనిపిస్తుంది. పదిమంది ముందు, పోటీలో, గుండె దడదడలాడుతుంటే బుద్ధిని ఎక్కడ నిలపాలో నేర్పే విద్య. దాన్ని తరతరాలుగా పట్టి పెంచిన నేలల్లో ఈ పత్తి, మిరప పొలాల సీమ ఒకటి.

సంతమాగులూరు దగ్గర కొప్పరం అనే ఊరుంది. అప్పట్లో నరసరావుపేట తాలూకా; తర్వాత ప్రకాశం జిల్లాలో చేరింది. కొప్పరపు సోదర కవులు ఇక్కడివారే. అన్న వేంకట సుబ్బరాయ కవి 1885లో, తమ్ముడు వేంకట రమణ కవి 1887లో పుట్టారు. ఆశువుగా కావ్యాలకు కావ్యాలు చెప్పేసే వేగం వారిది. అదే కాలంలో గోదావరి జిల్లాల నుంచి తిరుపతి వేంకట కవులు, అంటే దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రి, ఊరూరా శతావధానాలతో దుమ్ము రేపుతున్నారు. తమను గెలిచిన కవి ఉంటే మీసాలు తీసి మొక్కుతామని పద్యంలోనే పందెం కాసిన ఘటికులు వాళ్ళు.

1911 ప్రాంతంలో ఈ రెండు జంటల పోరు గుంటూరులో రాజుకుంది. సభల్లో మొదలైంది పత్రికలకెక్కింది. రెండు పక్షాలకూ అభిమానులు పోగై, వైదిక, నియోగి శాఖల పట్టింపులు కూడా తోడై రగిలింది. తిరుపతి వేంకట కవుల వైపు నుంచి ‘గుంటూరు సీమ’ పేరుతో పుస్తకమే వచ్చింది. ఎవరు గెలిచారన్న తగవు వందేళ్ళు దాటినా పెద్దల నోళ్ళలో తెగలేదు. దాన్ని తీర్చే పని మనకొద్దు. అంతటి కక్షల మధ్య, లోపం పట్టుకోవాలని కాచుకుని ఉన్న పండితుల ఎదుట, వీళ్ళకు మాట ఎలా తడబడలేదన్నదే మనకు కావాలి.

మొదటి కీలకం ఆరంభంలోనే ఉంది. ఏ అవధానీ నేరుగా ప్రశ్నల్లోకి దిగడు. ఇష్టదేవతా ప్రార్థన, గురుస్తుతి, ఆ తర్వాత సభను గురించి, ఊరిని గురించి నాలుగు పద్యాలు. ఇది భక్తి, మర్యాద, కాదనలేం. కానీ పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. తెలిసిన దారిలో గొంతు నాలుగడుగులు నడుస్తుంది. ఊపిరి లయలో పడుతుంది. ఊరి పేరు పద్యంలో వినపడగానే జనం చప్పట్లు కొడతారు. పరీక్ష పెట్టడానికి వచ్చినవాళ్ళు కాసేపు చుట్టాలవుతారు. దుక్కికి ముందు ఎడ్లను ఊరికే ఒక చుట్టు తిప్పడం లాంటిదే ఇదీ.

రెండోది ఛందస్సు. బయటివాళ్ళకు అది సంకెల. అవధానికి అది కాలికింద నేల. చిన్నప్పటి నుంచి వేల పద్యాలు నోటికి పట్టినవాడికి ఆటవెలది నడక, కందం బిగువు ఒంట్లోకి దిగిపోయి ఉంటాయి. భయం వేసినప్పుడు ముందుగా ఆగిపోయేది ఆలోచన. అలవాటు మాత్రం ఆగదు. ఆలోచన తేరుకునేదాకా గణాలే మాటను మోసుకెళతాయి.

మూడోది వరసలోనే ఉంది. అవధాని ఒకరి పద్యం పూర్తిచేసి మరొకరి దగ్గరకు వెళ్ళడు. మొదటి ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పాదం చెబుతాడు. పాదం ఇచ్చి పద్యం పూర్తిచేయమనే సమస్యకు ఒక పాదం, ఇచ్చిన మాటలు ఇమిడ్చి చెప్పమనే దత్తపదికి ఒక పాదం, వర్ణనకు ఒకటి. ఇలా నాలుగు ఆవృత్తులు తిరిగాకే పద్యాలు పూర్తవుతాయి. దీనివల్ల జ్ఞాపకానికి బరువు పెరుగుతుందన్నది అందరికీ కనిపించేదే. కనిపించని మేలు ఒకటుంది. ఇప్పుడు చెప్పిన పాదం పేలవంగా వచ్చినా దాన్ని తలచుకుని కుమిలే తీరిక ఉండదు, పక్క పృచ్ఛకుడు నోరు తెరిచేశాడు. బాగా వచ్చినా మురిసే తీరిక లేదు. జరిగిపోయినదాన్ని అక్కడే దించేసి ముందుకు కదలడం ఇక్కడ సుగుణం కాదు, నియమం.

ఇక నిషిద్ధాక్షరి. మనసును మనసు పట్టే అసలు కుస్తీ ఇదే. అవధాని ఒక అక్షరం చెబుతాడు. తర్వాత రాబోయే అక్షరాన్ని ఊహించి పృచ్ఛకుడు దాన్ని నిషేధిస్తాడు. దగ్గర నుంచి చూద్దాం. మిరప పంట మీద ఆటవెలది అడిగారనుకోండి.

అవధాని ‘మి’ అన్నాడు. పృచ్ఛకుడు నవ్వి, ‘ర’ వద్దన్నాడు. మిరప అనే మాట మొదట్లోనే పోయింది. అవధాని ‘న్న’ అన్నాడు. మిన్నగా అంటాడేమోనని ‘గ’ వద్దన్నాడు పృచ్ఛకుడు. అవధాని ‘యై’ అన్నాడు. మిన్నయైన అని సాగుతుందని ‘న’ వద్దన్నాడు. అవధాని ‘వె’ అన్నాడు. అలా ‘మిన్నయై వెలుగుచు’ దాకా వచ్చింది. ఇప్పుడు యతి స్థానం. పాదం మొదటి అక్షరంతో మైత్రి కుదరాలి కాబట్టి అక్కడ సాధారణంగా నిషేధం పెట్టరు. అక్కడ అవధాని మళ్ళీ ‘మి’ వేశాడు. యతి దాటాక పృచ్ఛకుడు పట్టు సడలించాడనుకుంటే, మొదట్లో పోయిన మిరప మధ్యలో వచ్చి కూర్చుంటుంది. పద్యం ఇలా ముగించవచ్చు:

మిన్నయై వెలుగుచు మిరపపంట మనకు
మెండు సిరుల నొసగి మేలు గూర్చు;
ధరలు తగ్గినపుడు ధైర్యమే మిగులును
రైతు గుండె గట్టి రాతి కోట.

ఉదాహరణ కోసం అల్లిన పద్యమే, మహాకవిత్వం కాదు. ఇందులో జరిగిన పని చూడండి. ‘మి’ అనగానే ఎవరికైనా మిరపే తడుతుంది. ఆ సంగతి అవధానికీ తెలుసు. ఎదుటివాడి నిషేధాన్ని అక్కడ ఖర్చు చేయించి, తాను మరో మాటను చేతిలో ఉంచుకున్నాడు. ఒక మాట మీద మోజుపడ్డవాడు నిషిద్ధాక్షరిలో చిత్తవుతాడు. ప్రతి అక్షరం వెనకా రెండు మూడు దారులు సిద్ధంగా ఉన్నవాడికి, ఒకటి మూసుకుపోతే కంగారు పుట్టదు.

అప్రస్తుత ప్రసంగి పని దీనికి పూర్తిగా వేరు. ధ్యాస చెదరగొట్టడమే ఆయన ఉద్యోగం. పద్యం సగంలో ఉండగా, “అవధానిగారూ, మొన్న మిర్చి రేటు పడిపోయింది, మీ పద్యాలకు గిట్టుబాటు ధర ఉందా?” అంటాడు. కొత్త అవధాని ఈ ప్రశ్నను శత్రువులా చూసి మింగలేక కక్కలేక ఇబ్బంది పడతాడు. చెయ్యి తిరిగినవాడు దాన్ని విడిదిగా వాడుకుంటాడు. “మా సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టేది కాదండీ, ఎప్పటిదప్పుడే” అని ఒక్క ముక్క విసిరితే సభ గొల్లుమంటుంది. ఆ నవ్వు తగ్గేలోపు గుండెల నిండా రెండు ఊపిర్లు. అప్పటికి లోపల తర్వాతి పాదం కుదిరిపోయి ఉంటుంది. జవాబు పొట్టిగా ఉండాలి, ఎవరినీ నొప్పించకూడదు, వెంటనే వదిలిన చోటికి తిరిగి రావాలి. దెప్పిపొడుపు దొరికింది కదా అని దాని వెంటే పోయినవాడు పద్యాన్ని పోగొట్టుకుంటాడు.

కొన్ని సభల్లో ఘంటానాదం ఉంటుంది. ఒకరు తనకు తోచినప్పుడల్లా గంట కొడతారు. మొత్తం ఎన్నిసార్లు మోగిందో చివర్లో అవధాని చెప్పాలి. మనలాంటివాళ్ళకు గంట అంటే ఉలికిపాటు. అవధానికి అదొక అంకె. చెదరగొట్టే చప్పుడునే లెక్కలో చేర్చుకున్నాక దానికి బెదిరించే శక్తి ఎక్కడిది?

చివరిది ధారణ. సభ అంతా కాచుకుని ఉండే ఘట్టం. పద్యాలన్నీ వరసగా మళ్ళీ చెప్పాలి. ఒక మాట జారిపోతే? ఇక్కడ మన పద్యం అవధానికి తమ్ముడిలా అండగా నిలుస్తుంది. పాదం మొదటి అక్షరం గుర్తుంటే యతి స్థానంలో ఏ అక్షరాలు రావచ్చో తెలుస్తుంది. ప్రాస ఉన్న పద్యమైతే ప్రతి పాదంలో రెండో అక్షరం చేతిలో ఉన్నట్టే. జారిన చోట ఎన్ని గురువులు, ఎన్ని లఘువులు పట్టాలో గణం చెబుతుంది. ఇన్ని ఆనవాళ్ళు ఉంటే పోయిన మాట ఎంతో దూరం పోలేదు. మరిచిపోతానన్న భయం, వెతికే దారి తెలిసినవాడిని అంతగా వేధించదు.

జంటకవులకు ఇంకో సౌకర్యం ఉంది. ఒకరు పాదం అందుకుంటే మరొకరు తర్వాతిది అల్లుకోవచ్చు. పక్కన మనవాడున్నాడన్న నిబ్బరం వేరు. కొప్పరపు అన్నదమ్ముల జోరులో ఈ తోడు పాలు తక్కువది కాదు.

ఇదంతా పాతకాలపు పండితుల గొడవ అనుకోకండి. మన పిల్లలు హాస్టల్ గదుల్లో టెక్కెన్, స్ట్రీట్ ఫైటర్ ఆడుతున్నారు. ఆ ఆటలకు అమెరికాలో ఈవో అనే పెద్ద పోటీ జరుగుతుంది. 2004లో అక్కడ జపాన్ ఆటగాడు దైగో ఉమెహారా ఓటమి అంచున నిలిచాడు. ప్రాణం గీత వెంట్రుకవాసి మిగిలింది. మామూలుగా అడ్డుకున్నా ఆ కాస్తా పోతుంది. ఎదుటి జస్టిన్ వాంగ్ వరస దెబ్బల అస్త్రం వదిలాడు. పదిహేను దెబ్బలనూ ఒక్కొక్కటి తగిలే క్షణానికి సరిగ్గా తిప్పికొట్టి దైగో ఆ ఆట గెలిచాడు. జనం హోరెత్తుతుంటే అతని వేళ్ళు లయ తప్పలేదు. 2019లో లాహోర్ కుర్రాడు అర్స్‌లాన్ యాష్ జపాన్‌లోనూ అమెరికాలోనూ ఒకే ఏడాది టెక్కెన్ టైటిళ్ళు కొట్టాడు. ఆ ఆటలోనూ ఎదుటివాడికి ఒక అలవాటు చూపించి, నమ్మించి, మరో దెబ్బ వేస్తారు. మన నిషిద్ధాక్షరి పృచ్ఛకుడికి ఇది కొత్తగా అనిపించదు. ఆ పోటీల్లో ఒకసారి ఓడినవాడికి మరో వరసలో ఇంకో అవకాశం ఉంటుంది. పోయిన ఆటను మోసుకుంటూ కూర్చున్నవాడు రెండోదీ పోగొట్టుకుంటాడు.

అయితే ఈ సంప్రదాయాన్ని నెత్తిన పెట్టుకునేముందు దాని మచ్చ కూడా చెప్పుకోవాలి. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా యువకుడిగా అక్కడి ఒక అవధాన సభలో పద్యాలు చదివితే, తక్కువ కులంవాడిని లోపలికి ఎవరు రానిచ్చారని కొందరు అవమానించారు. పృచ్ఛకుడి ప్రశ్నకు తట్టుకోవడం ఒక ధైర్యం. సభే నిన్ను వద్దన్నప్పుడు నిలబడి మహాకవి కావడం దానికంటే పెద్ద ధైర్యం. దానికి ఏ అవధాన శాస్త్రంలోనూ పాఠం లేదు. భయాన్ని గెలిచే విద్యను కొన్ని ఇళ్ళకే పరిమితం చేయడం వల్ల ఎంతమంది అవధానులను పోగొట్టుకున్నామో లెక్క తేలదు. ఇప్పుడు కాస్త మారింది. బులుసు అపర్ణ వంటి మహిళలు శతావధానాలు చేస్తున్నారు. కొప్పరం పొరుగునే ఉన్న ఏల్చూరులో పుట్టి, గుంటూరు హిందూ కళాశాలలో పనిచేసిన ప్రసాదరాయ కులపతి మన కాలంలోనే ఈ విద్యను వేదికలెక్కించారు. విదేశాల్లోని తెలుగువాళ్ళు కూడా సభలు పెడుతున్నారు.

సుబ్బరాయ కవి 1932లో, రమణ కవి 1942లో వెళ్ళిపోయారు. వాళ్ళు ఆశువుగా చెప్పినదాంట్లో చాలా భాగం రాసి పెట్టుకున్నవాళ్ళు లేక గాలిలో కలిసింది. వాళ్ళతో తలపడ్డ తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల పద్యాలు మాత్రం ఈ సీమ పరిషత్తు నాటకాల్లో హార్మోనియం పక్కన ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి. గుంటూరు సీమ తన ప్రత్యర్థిని దాచుకున్నంత భద్రంగా తన బిడ్డల్ని దాచుకోలేదు.

బడి పిల్లలకు వక్తృత్వ పోటీలు పెడుతున్నాం, క్విజ్‌లు పెడుతున్నాం. వేదికెక్కి బిగుసుకుపోయిన పిల్లవాడికి “భయపడకు నాన్నా” అని మాత్రం చెప్పి పంపుతున్నాం. ఆ మాటతో ఎవరి భయమూ పోలేదు. బదులుగా ఏడాదికొక్కసారి బళ్ళో చిన్న అవధానం పెట్టించండి. నలుగురు పృచ్ఛకులు చాలు, పద్యం రాకపోతే వచనమే చాలు. గంట కొట్టే పని మాత్రం వెనక బెంచీలో కూర్చునే పిల్లకో పిల్లాడికో అప్పగించండి.