వీధి దాకా దిగిన చుక్క

పవర్ బీఐ సాఫ్ట్‌వేర్‌లో రిపోర్టులు చేసేవాళ్లంటే పట్టికలతో కుస్తీ పట్టేవాళ్లనే అనుకుంటాం గానీ, వీధి స్థాయి మ్యాపు తీర్చేవాళ్ల పనితనం వేరు. హైదరాబాద్‌లో ఇంటింటికీ పాలు వేసే వ్యాపారమే తీసుకోండి. షీటు నిండా 'రామాలయం ఎదురు సందు, రేషన్ షాపు పక్కన' లాంటి చిరునామాలే. పిన్‌కోడ్‌ను నమ్ముకుంటే పేటంతటికీ ఒకటే చుక్క. అందుకే పనిమంతులు డెలివరీ కుర్రాళ్ల ఫోన్ల నుంచి అక్షాంశ రేఖాంశాలు రాబడతారు. దశాంశ బిందువు తర్వాత రెండంకెలే ఉంటే కిలోమీటరు మేర తేడా రావచ్చు. నాలుగుంటే సుమారు 11 మీటర్లు, అంటే దాదాపు గుమ్మం దాకా. ఆ అంకెల్ని సాఫ్ట్‌వేర్ తన అలవాటు కొద్దీ కూడేయకుండా ఆపాలి. అక్షాంశం 17, రేఖాంశం 78 తారుమారయ్యాయా, మన కూకట్‌పల్లి పాలు నార్వే వాళ్ల స్వాల్‌బార్డ్ మంచులో తేలతాయి! నాకు అన్నిటికంటే నచ్చేది ఈ పనిమంతులు రంగుల దగ్గర చూపే పొదుపు. అడుగున మ్యాపు లేత బూడిద రంగు. వేళకు అందిన ఇళ్లూ అంతే, కనీకనపడనట్టు. ఆలస్యమైనవి మాత్రమే ఎరుపు. ఒకే అపార్ట్‌మెంటులో చుక్కలు ఒకదాని మీద ఒకటి పడతాయి కాబట్టి వాటిని కాస్త పారదర్శకంగా ఉంచుతారు. గుంపు ఎక్కడుందో చిక్కదనమే చెబుతుంది. పట్టిక తెరిచి చూడని సూపర్‌వైజర్ కూడా తెర మీద వేలు పెట్టి, "ఇదేందన్నా, రైల్వే గేటు అవతలియన్నీ ఎర్రగున్నయ్?" అంటాడు. మర్నాడు వ్యాను ఆ వైపు నుంచే మొదలవుతుంది.