ద్వారం వారి కమాను

ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ప్రసక్తి వచ్చినప్పుడల్లా మనవాళ్ళు రెండు కథలు చెప్పి ఊరుకుంటారు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరదామని వెళితే, ఆయన వాయిద్యం విని ఏకంగా ఆచార్యుడిగా వేసుకున్నారన్నది మొదటిది. 1952లో మద్రాసులో జస్టిస్ రాజమన్నారు గారింట్లో యెహూదీ మెనూహిన్ ఆయన వాదనం విని ముగ్ధుడయ్యాడన్నది రెండోది. ముచ్చటైన కథలే, కాదనను. కాని ఒకటి రాజాస్థానం ఇచ్చిన సర్టిఫికెట్టు, రెండోది దొరగారు ఇచ్చినది. ఆయన ఏం వాయించారో, ఎలా వాయించారో ఈ రెండింటిలోనూ లేదు. ఎనభై ఏళ్ళుగా మనం సర్టిఫికెట్లు చదువుకుంటూ సంగీతం వినడం వాయిదా వేశామేమోనని నా అనుమానం.

కువైత్‌లో ఉంటున్నవాళ్ళకి ఈ విషయం మరో దారిలో తడుతుంది. ఇక్కడివారు వయొలిన్‌ని 'కమాన్' అంటారు, 'కమంజా' అని కూడా అంటారు. మనకేమో కమాను అంటే దాన్ని వాయించే విల్లు. పారశీకంలో ఆ మాటకి అర్థం విల్లే. కువైతీల 'సౌత్' పాటలో ఊద్ పక్కన, మిర్వాస్ అనే చిన్న డోలు పక్కన ఈ వయొలిన్ వినిపిస్తుంది. అరబ్బు వాద్యకారుడు తన నాలుగు తీగలను తరచుగా ఎలా శ్రుతి చేసుకుంటాడో చూడండి. ఒక స్వరం, దాని పంచమం, మళ్ళీ పై స్థాయిలో అవే రెండు. మన షడ్జమ పంచమాల అమరికే! ఐరోపా వాయిద్యం రెండు చోట్లా పరాయిదే. రెండు చోట్లా స్థానిక గాత్రానికి తలవంచి తన శ్రుతి మార్చుకుంది. మన వైపు ఆ పని మొదలుపెట్టినవారిలో ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ముఖ్యుడు.

అలా తలవంచిన వాయిద్యం మన కచేరీలో పక్కవాద్యంగానే స్థిరపడింది. గాయకుడు ఒక సంగతి వేస్తే దాన్ని అందుకోవడం, ఆయన ఊపిరి పీల్చుకునేటప్పుడు ఖాళీ నింపడం దాని ఉద్యోగం. ఆ ఉద్యోగానికి పొట్టి పొట్టి కమాను విసుర్లు సరిపోతాయి. నాయుడు గారు ఇక్కడే వేరుపడ్డారు. పాశ్చాత్య సంగీతం శ్రద్ధగా విన్న మనిషి, నిడుపాటి కమాను అలవరచుకున్నారు. ఆయన పాత రికార్డులు వింటే స్వరం ఒక్కసారిగా దిగబడదు. సన్నగా పుట్టి, నిండి, మళ్ళీ సన్నగిల్లుతుంది. కమాను దిశ మారిన చోటు చెవికి దొరకదు. వేగంలో కూడా ఏ స్వరం మొహం ఆ స్వరానిదే. దీన్ని 'పాశ్చాత్య ప్రభావం' అని కొట్టిపారేసేవారు సగమే విన్నారు. కుడిచేతిది పడమటి శిక్షణ కావచ్చు, ఎడమచేతి గమకం మాత్రం పూర్తిగా ఇక్కడిది. చూపు బాగా మందగించిన మనిషి అంతా చెవితోనే తూచుకున్నారనిపిస్తుంది.

స్వరానికి అంత నిడివి, నిండుతనం వచ్చాక ఆ వాయిద్యం ఎవరి పక్కనా కూర్చోనక్కరలేదు. 1938లో వేలూరులో ఆయన చేసిన సోలో కచేరీని వయొలిన్ చరిత్రలో మలుపుగా చెబుతారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వగైరా తరవాతి సంగతులు.

ఇక నాకు మింగుడుపడని ప్రశ్న. ఇంతటి బాణీ ఎందుకు విస్తరించలేదు? లాల్గుడి బాణీ అంటే, పరూర్ బాణీ అంటే దేశమంతా గుర్తుపడతారు. ద్వారం బాణీ ప్రధానంగా ఆ కుటుంబంలో, వారి శిష్యుల్లో మిగిలింది. కుమారుడు భావనారాయణ రావు గారు, కుమార్తె మంగతాయారు గారు, ఆ ఇంటి ఇతర విద్వాంసులు నిలబెట్టారు గనక ఆ మాత్రమైనా ఉంది. తెలుగువాళ్ళ అశ్రద్ధ అని తేల్చెయ్యడం తేలిక. నాకు తోచేది వేరు. ఆయన తన మంచి వయసంతా పెట్టింది మద్రాసు సభల్లో కాదు, విజయనగరం తరగతి గదుల్లో. ఆదిభట్ల నారాయణదాసు గారి తరవాత, 1936లో ఆ కళాశాలకి ప్రిన్సిపాల్ అయ్యారు. గురుకులంలో ఒక శిష్యుడు గురువు నీడలా తయారవుతాడు. కళాశాలలో అలా కాదు. నానా గొంతులవాళ్ళు, నానా అవసరాలవాళ్ళు వస్తారు. ఘంటసాల అక్కడ చదువుకున్నారు. పి. సుశీల గారూ ఆ కళాశాల విద్యార్థినే. నేదునూరి కృష్ణమూర్తి గారు గాత్రంతో పాటు వయొలిన్ కూడా అక్కడే నేర్చారు. వీరంతా ఆయన ప్రత్యక్ష శిష్యులని నేననడం లేదు. ఆయన నడిపిన ఇంటి పిల్లలు, అంతే. బాణీ పలచబడింది, ఇల్లు నిండింది. ఈ బేరంలో నష్టం లేదని మాత్రం నేను అనలేను. ఆ కమాను పట్టును అచ్చంగా అందుకున్న చేతులు ఇంకో పది ఉండాల్సింది.

చేతికర్ర ఊపి వాద్యబృందాన్ని నడిపే నాయకుడు మన కచేరీలో లేడు. 1952లో ఆకాశవాణి ఢిల్లీలో వాద్యబృందం పెట్టినప్పుడు రవిశంకర్‌తో పాటు దాన్ని నడిపిన టి.కె. జయరామయ్యర్ వయొలిన్ విద్వాంసులే. తరవాత మన ఈమని శంకరశాస్త్రి గారు వీణ నుంచి ఆ పనికి వెళ్ళారు. నాయుడు గారి నాయకత్వం అలాంటిది కాదు. టైంటేబులు, పరీక్షలు, హాస్టలు పిల్లలు. దాన్ని కళాకారుడి జీవితంలో గుమాస్తాగిరీగా చూసి వ్యాసాలు రాసేవాళ్ళు ఒక పేరాలో దాటేస్తారు. నేనైతే అక్కడే ఎక్కువసేపు ఆగుతాను.

అబ్బాసియాలోనూ సాల్మియాలోనూ శుక్రవారాలు మన పిల్లలు వయొలిన్ పెట్టెలు మోసుకుని క్లాసులకి వెళుతున్నారు. వార్షికోత్సవానికి ఒక సినిమా పాట తయారవ్వాలని తల్లిదండ్రుల తొందర. నేర్పేవాళ్ళని నేను కోరేది ఒకటే. ఆ పాటకి ముందు నాయుడు గారి రికార్డు ఒకటి పెట్టండి. ఎడమచేతిని కాసేపు మరిచిపోయి, ఒక్క షడ్జమం మీద కమాను ఈ చివర నుంచి ఆ చివరకి ఎంత నెమ్మదిగా వెళ్ళగలదో పిల్లల చేత లాగించి చూడండి.