గిడుగు వారి కుతూహలం

కుతూహలం నేర్పితే వచ్చేదేనా? దీనికి నాకు దొరికిన జవాబు ఒక వ్యాకరణ గ్రంథం. గిడుగు వేంకట రామమూర్తి పంతులు గారి సవర భాషా గ్రంథాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయం అచ్చువేసింది.

ఏటా ఆగస్టు 29న మనం ఆయన్ని వ్యావహారిక భాషోద్యమ నాయకుడిగా తలుచుకుంటాం. పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ సవరల నోటినుంచే వాళ్ళ భాష నేర్చుకున్న సంగతిని ఒక్క వాక్యంలో దాటేస్తాం. మన విమర్శకులు కూడా ఈ రెంటినీ వేరు పద్దుల్లో రాశారు. నాకు మాత్రం రెండూ ఒకే ఖాతా. జనం ఎలా మాట్లాడాలో చెప్పేముందు ఎలా మాట్లాడుతున్నారో వినడం ఆయన పద్ధతి. సవర ముండా కుటుంబపు భాష. తెలుగు వ్యాకరణ చట్రంలో ఇమడదు. అందుకని చెవినే నమ్ముకున్నారు.

ఇక నేర్పడం మాట. ఆయన కుమారుడు సీతాపతి గారు కూడా సవర భాషా పరిశోధకులయ్యారు. అది పాఠం చెబితే అబ్బిందనుకోను. పెద్ద చదువులు చదివిన తండ్రి అడవి మనిషని లోకం చిన్నచూపు చూసేవాణ్ణి గురువుగా కూర్చోబెట్టుకుని అడుగుతుంటే, ఆ ఇంట పెరిగిన పిల్లవాడికి వేరే పాఠమెందుకు?

1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో కలిసింది. బయటి రాష్ట్రాల్లో మన భాషను ఎవరూ పట్టించుకోరని మనం బాధపడతాం. న్యాయమే. కాని పక్కింటివాళ్ళ ఒడియా మాటకో, తుళు మాటకో అర్థమేమిటని మన పిల్లలు వింటుండగా ఎన్నిసార్లు అడిగాం?